కోసినా మళ్ళీ మొలిచే కంతి: గుర్రాల్లో సార్కాయిడ్ ఎందుకంత మొండిది?

క్లుప్తంగా: గుర్రాల చర్మంపై అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కంతి సార్కాయిడ్. ఆవులకు పులిపిర్లు పుట్టించే వైరసే దీనికీ మూలం. ఊపిరితిత్తులకో కాలేయానికో పాకే క్యాన్సర్ కాదిది. కానీ ఉన్నచోటే వేళ్ళు తన్ని, కోసిన తర్వాత మరింత పెద్దదై తిరిగొస్తుంది. అలా రావడానికి చాలాసార్లు కారణం వైద్యుడి పనితనం లోపం కాదు, పైకి బాగానే కనిపించే చుట్టుపక్కల చర్మంలోనూ వైరస్ ఉండటం. అందుకే మొదటి చికిత్స ఏది, ఎప్పుడు చేయించాలన్న నిర్ణయం మీదే తర్వాతి ఏళ్ళన్నీ ఆధారపడతాయి.

మొదట కనిపించేది కంతి కాదు. మెడ మీదో, తొడ లోపలి వైపో రూపాయి బిళ్ళంత మేర వెంట్రుకలు పలచబడతాయి. చర్మం కాస్త గరుకుగా మారి బూడిదరంగు పొట్టు రాలుతుంది. గుర్రాన్ని చూసుకునే సైసు దాన్ని తామర అనుకుంటాడు. మందు రాస్తారు. తగ్గదు, పెరగదు, ఏడాది అలాగే ఉంటుంది. ఒకరోజు జీను పట్టీ ఒరుసుకునో, మాలీసు చేసే బ్రష్షు గీరుకునో అక్కడ చిన్న గాయమవుతుంది. రెండు మూడు నెలల్లో ఆ చోట పచ్చిమాంసంలా, ముట్టుకుంటే నెత్తురు చిమ్మే ముద్ద లేస్తుంది. కోసి తీసేస్తారు. కుట్లు మానతాయి. ఆరు నెలలు తిరక్కుండానే అదే మచ్చ అంచున మళ్ళీ మొలుస్తుంది. ఈసారి ఒకటి కాదు, మూడు.

దేశాలు మారినా ఈ వరస పెద్దగా మారదు. గుర్రం యజమానికి ఇది అర్థం కాని జబ్బుగా మిగలడానికి కారణం కూడా ఇదే. కోస్తే పోవాలి, లేదా ప్రాణం మీదికి రావాలి. ఈ రెండూ కాకుండా ఏళ్ళ తరబడి సాగే కంతి ఎవరి లెక్కకూ అందదు.

పేరొక దారి, జబ్బొక దారి

సార్కాయిడ్ అన్న పేరు 1936 నాటిది. దక్షిణాఫ్రికాలోని ఆండర్‌స్టెపూర్ట్ పశువైద్య పరిశోధన కేంద్రంలో జాక్సన్ అనే శాస్త్రవేత్త పెంపుడు జంతువుల కంతులను పరిశీలిస్తూ దీన్ని విడిగా వర్ణించాడు. సార్కాయిడ్ అంటే సార్కోమా లాంటిది అని అర్థం. సూక్ష్మదర్శిని కింద చూస్తే కదురు ఆకారపు కణాలు గజిబిజిగా అల్లుకుని సార్కోమా అనే క్యాన్సర్‌నే తలపిస్తాయి. నడవడిక మాత్రం దానిది కాదు. మనుషుల ఊపిరితిత్తుల్లో వచ్చే సార్కాయిడోసిస్‌తో దీనికి పేరు పోలికే తప్ప ఏ చుట్టరికమూ లేదు.

మూలం ఎక్కడుందో 1951లో తెలిసింది. అమెరికాలో ఓల్సన్, కుక్ అనే ఇద్దరు ఆవుల పులిపిర్ల నుంచి తీసిన సారాన్ని గుర్రాల చర్మంలోకి ఎక్కించారు. సార్కాయిడ్‌ను పోలిన గడ్డలు లేచాయి. అయితే ప్రయోగంలో లేచిన ఆ గడ్డలు కొంతకాలానికి వాటంతటవే కరిగిపోయాయి. సహజంగా వచ్చినవి అంత సులువుగా పోవు. అంటే వైరస్ ఒక్కటే మొత్తం కథ కాదన్నమాట. అది ఏ గుర్రంలో, ఏ చోట, ఎంతకాలంగా దాగి ఉందన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

ఆవు మీద ఏడాది, గుర్రం మీద జీవితకాలం

పాడి ఉన్న ఇళ్ళలో పులిపిర్లు ఎరగనివారు ఉండరు. దూడ మెడ మీద, పొదుగు మీద కాలీఫ్లవర్ ముక్కల్లా లేస్తాయి, చాలావరకు కొన్ని నెలల్లో ఎండి రాలిపోతాయి. వీటికి కారణం బోవైన్ పాపిలోమా వైరస్, క్లుప్తంగా బీపీవీ. ఇందులో చాలా రకాలున్నాయి. గుర్రాల కంతుల్లో ప్రధానంగా దొరికేవి బీపీవీ-1, బీపీవీ-2. కొన్నిచోట్ల 13వ రకం కూడా దొరికింది.

ఆవు చర్మం ఈ వైరస్‌కు సొంత ఇల్లు. చర్మం పైపొరల్లో అది పూర్తి వైరస్ రేణువులను తయారు చేసుకుంటుంది, అవి బయటపడతాయి, ఆవు రోగనిరోధక వ్యవస్థ వాటిని చూస్తుంది, పోరాడుతుంది, పులిపిరి రాలుతుంది. గుర్రంలో వైరస్ దారి తప్పిన అతిథి. చర్మం అడుగున, గాయాలు పూడ్చే పనిలో ఉండే ఫైబ్రోబ్లాస్ట్ కణాల్లోకి చేరుతుంది. అక్కడ దాని డీఎన్ఏ చిన్న చిన్న వలయాలుగా కణకేంద్రకంలో ఉండిపోతుంది కానీ, పూర్తి రేణువులు తయారు కావడం చాలా అరుదు. రేణువులు లేకపోతే శరీరానికి శత్రువు కనబడదు.

అయినా కణాలు ఎందుకు పెరుగుతాయి? వైరస్ తయారుచేసే ఈ5 (E5) అనే ప్రోటీన్ దీనికి ముఖ్య కారణం. 44 అమైనో ఆమ్లాలున్న అతి చిన్న ప్రోటీన్ అది. ఫైబ్రోబ్లాస్ట్ పొర మీద ‘పెరుగు’ అన్న సంకేతాన్ని అందుకునే గ్రాహకం ఒకటుంటుంది. మామూలుగా గాయమైనప్పుడే ఆ సంకేతం వస్తుంది, గాయం మానగానే ఆగిపోతుంది. ఈ5 నేరుగా ఆ గ్రాహకానికి అతుక్కుని సంకేతం రాకపోయినా దాన్ని పనిచేయిస్తూనే ఉంటుంది. బోరు మోటారు స్టార్టరు ఇరుక్కుపోయి, మడి నిండి గట్టు తెగినా నీళ్ళు పోస్తూనే ఉన్నట్టు. ఇంతటితో ఆగదు. కణం తన లోపల ఏం జరుగుతోందో పైపొర మీద ప్రదర్శించే గుర్తులుంటాయి, వాటిని చూసే రోగనిరోధక కణాలు దొంగను పట్టుకుంటాయి. ఈ5 ఆ గుర్తులు పైకి రాకుండా అడ్డుపడుతుంది. ఒక చేత్తో పెంచుతుంది, ఇంకో చేత్తో దాస్తుంది.

గాయమైన చోటే కంతి విజృంభించడం ఇక్కడే అర్థమవుతుంది. గాయం అంటే ఫైబ్రోబ్లాస్ట్‌లకు పిలుపు. ఆ కణాల్లోనే వైరస్ కూర్చుని ఉంటే, మానాల్సిన గాయం కంతి అవుతుంది. శస్త్రచికిత్స కూడా చర్మానికి గాయమే.

అన్ని గుర్రాలకూ ఎందుకు రాదు?

ఆవులతో కలిసి మేసిన గుర్రాలన్నిటికీ కంతులు రావు. ఒకే లాయంలో, ఒకే ఈగల మధ్య పెరిగిన రెండు గుర్రాల్లో ఒకదానికి పది కంతులు, రెండోదానికి ఒక్కటీ లేకపోవడం సర్వసాధారణం. రోగనిరోధక వ్యవస్థను నిర్దేశించే జన్యువుల్లో కొన్ని రకాలున్న గుర్రాలకు ముప్పు ఎక్కువని యూరప్, అమెరికా పరిశోధనలు దశాబ్దాల క్రితమే చూపించాయి. జాతుల మధ్య తేడా కూడా ఉంది. క్వార్టర్ హార్స్, అపలూసా జాతుల్లో ఎక్కువ, బండి పందేల స్టాండర్డ్‌బ్రెడ్‌లలో తక్కువ. ఒకే జన్యువు మీద తేలే విషయం కాదు కాబట్టి, తల్లికి ఉంటే పిల్లకు వచ్చి తీరుతుందని చెప్పలేం. కానీ ఒళ్ళంతా కంతులున్న పోతుగుర్రాన్ని సంతానానికి వాడటం తెలివైన పని కాదు.

జన్యువుల పాత్రకు అన్నిటికన్నా స్పష్టమైన సాక్ష్యం గుర్రాల్లో కాదు, జీబ్రాల్లో దొరికింది. దక్షిణాఫ్రికాలోని కేప్ మౌంటెన్ జీబ్రాలు ఒకప్పుడు అంతరించే అంచుకు వెళ్ళి, మిగిలిన కొద్ది జంతువుల నుంచి మళ్ళీ పెరిగాయి. అంటే ఉన్నవన్నీ దగ్గరి బంధువులే. బాంటెబాక్ జాతీయ పార్కులోని మందలో ఒక దశలో దాదాపు సగం జీబ్రాలకు సార్కాయిడ్ కంతులు కనిపించాయి. రక్తసంబంధాల్లోనే సంతానం పెరిగి వైవిధ్యం సన్నగిల్లడమే ఇంతటి తీవ్రతకు కారణమని పరిశోధకుల అంచనా.

వయసు సంగతికొస్తే, ఇది ముసలితనపు జబ్బు కాదు. ఎక్కువగా ఏడాది నుంచి ఆరేళ్ళ మధ్య మొదలవుతుంది. గాడిదలకు, కంచర గాడిదలకు కూడా వస్తుంది. మనుషులకు అంటదు.

ఒకే జబ్బుకు ఆరు వేషాలు

వైద్యులు సార్కాయిడ్‌ను ఆరు రకాలుగా చెబుతారు. వెంట్రుకలు ఊడి చదునుగా ఉండే ఆకల్ట్, పులిపిరిలా గరుకుగా లేచే వెరుకస్, చర్మం కింద గోళీకాయలా కదిలే నాడ్యులర్, పచ్చిపుండులా నెత్తురోడే ఫైబ్రోబ్లాస్టిక్, ఇవి రెండు మూడు కలిసిన మిశ్రమ రకం, చివరిది అరుదైన మాలవలెంట్. ఆఖరిది చర్మం కింది నాళాల వెంబడి తాడులా పాకుతుంది, దానికి నిఖార్సైన వైద్యం లేనట్టే.

ఈ పేర్లన్నీ గుర్తుపెట్టుకోవాల్సిన పని యజమానికి లేదు. ఒక్కటి తెలిస్తే చాలు, ఇవి ఆరు జబ్బులు కావు. చదునైన రకం గీరుకుపోతే నెత్తురోడే రకంగా మారగలదు. నిద్రపోతున్నదాన్ని లేపడం సులువు, పడుకోబెట్టడం కష్టం.

అందుకే ముక్క కోసి పరీక్షకు పంపే విషయంలో వైద్యులు వెనకాడతారు. మరే కంతి విషయంలోనైనా ముక్క పరీక్ష మొదటి మెట్టు. ఇక్కడ ఆ చిన్న కోతే నిద్ర లేపే గాయం కావచ్చు. ఫలితం రాగానే చికిత్స మొదలుపెట్టడానికి సిద్ధంగా ఉంటేనే ముక్క తీయడం మంచిదని ఎక్కువమంది అభిప్రాయం. పుండుగా మారిన కంతి పైభాగాన్ని దూదితో తుడిచి వైరస్ డీఎన్ఏ కోసం పీసీఆర్ పరీక్ష చేసే పద్ధతి కూడా ఉంది.

పొరపడే అవకాశాలు తక్కువేం కాదు. కాలి గాయం మీద పెరిగే దుర్మాంసం అచ్చం సార్కాయిడ్‌లా ఉంటుంది, రెండూ కలిసి ఉండటం కూడా కద్దు. మన వాతావరణంలో ఇంకో చిక్కుంది. ఈగలు మోసుకొచ్చే హాబ్రోనెమా అనే నులిపురుగు పిల్లలు గాయాల్లో చేరి పచ్చిగా, దురదగా ఉండే పుండ్లు చేస్తాయి. వీటినే వేసవి పుండ్లంటారు. ఇవి ఎండలు, వానల కాలంలో రేగి చలికాలంలో తగ్గుముఖం పడతాయి. ఏడాది పొడవునా ఒకేలా ఉన్న పుండును ‘వేసవి పుండులే’ అని వదిలేయకూడదు.

కత్తి ఎక్కడ ఓడిపోతుంది

మామూలు కత్తితో కోసి తీసేసిన సార్కాయిడ్‌లు తిరిగొచ్చే శాతం వేర్వేరు పరిశీలనల్లో 15 నుంచి 82 దాకా ఉంది. ఇంత పొడవాటి తేడా చూస్తే అంకెలు పనికిరానివనిపిస్తుంది. నిజానికి ఆ తేడాలోనే సమాచారం ఉంది. ఎంత అంచు వదిలి కోశారు, కత్తి కంతిని తాకిందా, అంతకుముందు ఎన్నిసార్లు కోశారు అన్నదాన్ని బట్టి ఫలితం తారుమారవుతుంది.

బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కంతి తీసిన తర్వాత మిగిలిన చర్మపు అంచుల్లో వైరస్ డీఎన్ఏ కోసం వెతికారు. కంటికి, సూక్ష్మదర్శినికి కూడా శుభ్రంగా కనిపించిన చర్మంలో అది దొరికింది. అంచుల్లో డీఎన్ఏ ఉన్న గుర్రాల్లో కంతులు మళ్ళీ రావడం ఎక్కువగా కనిపించింది. కోసిన చోట ఫైబ్రోబ్లాస్ట్‌లకు పిలుపు వెళ్తుంది, ఆ వచ్చే కణాల్లోనే వైరస్ పొంచి ఉంటుంది. రక్తబీజుడి కథ గుర్తుకు రావడం సహజమే కానీ, పోలిక ఒక చోట తప్పుతుంది. ఇక్కడ నేల రాలిన నెత్తురు చుక్క కాదు ప్రమాదం, కోయకుండా వదిలిన అంచు. అందుకే కంతి చుట్టూ సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల మంచి చర్మాన్ని కూడా కలిపి తీయడం, కంతిని తాకిన పరికరాన్ని మళ్ళీ గాయంలో పెట్టకపోవడం వంటి జాగ్రత్తలు వచ్చాయి. తొడ మీద రెండు సెంటీమీటర్లు పెద్ద విషయం కాదు. కనురెప్ప మీద రెండు సెంటీమీటర్లు అంటే కనురెప్పే ఉండదు.

లేజర్‌తో కోసినప్పుడు అంచు కణాలు కాలిపోతాయి కాబట్టి ఫలితం మెరుగ్గా ఉంటుంది. కొన్ని పరిశీలనల్లో ఐదింట నాలుగు కంతులు తిరిగి రాలేదు.

కోత కాక ఇంకేమున్నాయి

ఇన్ని చికిత్సలున్నాయంటే ఒక్కటీ అందరికీ పనిచేయదని అర్థం. పశువైద్యంలో ఈ మాట సార్కాయిడ్‌కు సరిపోయినంతగా మరి దేనికీ సరిపోదేమో.

గడ్డకట్టించే క్రయో పద్ధతిలో ద్రవ నైట్రోజన్ వాడతారు, దాని ఉష్ణోగ్రత మైనస్ 196 డిగ్రీలు. మన పల్లె పశువుల ఆసుపత్రుల్లో పశువుల వీర్యం స్ట్రాలను నిలవ ఉంచే క్యానులో ఉండేది ఇదే. కంతిని గడ్డకట్టించి, మెల్లగా కరగనిచ్చి, మళ్ళీ గడ్డకట్టిస్తారు. ఒక్కసారి చేస్తే చాలదు, రెండు మూడు విడతలు కావాలి. కణాలను చంపేది గడ్డకట్టడం ఒక్కటే కాదు, ఆ నిదానమైన కరగడం కూడా. లోతైన కంతికి, ఎముక దగ్గరగా ఉన్నదానికి ఇది అనువు కాదు.

కంటి చుట్టూ ఉన్న కంతులకు బీసీజీ ఇంజెక్షన్ వాడతారు. మన పిల్లలకు పుట్టగానే ఎడమ భుజానికి వేసే క్షయ టీకాయే. దాన్ని కంతిలోకి ఎక్కిస్తే రోగనిరోధక కణాలు అక్కడికి దండెత్తి వస్తాయి, ఆ గొడవలో అంతవరకు దాగిన కంతి కణాలు కూడా దొరికిపోతాయి. కంటి చుట్టూ మంచి ఫలితాలున్నాయి, కాళ్ళ మీద మాత్రం నిరాశే. రెండో, మూడో ఇంజెక్షన్ నాటికి తీవ్రమైన అలర్జీతో గుర్రం కుప్పకూలే ముప్పు ఉంది కాబట్టి ముందుగానే దాన్ని అణిచే మందులిచ్చి, పక్కన అత్యవసర మందులు పెట్టుకుని చేయాల్సిన పని ఇది.

క్యాన్సర్ మందులు సిస్‌ప్లాటిన్, 5-ఫ్లోరోయురాసిల్‌లను రక్తంలోకి కాకుండా నేరుగా కంతిలోకి ఎక్కిస్తారు. సిస్‌ప్లాటిన్‌ను నువ్వుల నూనెతో కలిపి చిక్కని ద్రావణంగా చేస్తే అది వెంటనే రక్తంలో కలిసిపోకుండా కంతిలోనే ఎక్కువసేపు నిలుస్తుంది. రెండు వారాల ఎడంతో నాలుగు విడతలు సాధారణ పద్ధతి. కాలిఫోర్నియాలో వందలాది గుర్రాల మీద చేసిన పరిశీలనలో నాలుగేళ్ళ తర్వాత కూడా 90 శాతానికి పైగా సార్కాయిడ్‌లు తిరిగి రాలేదు. దీనికే విద్యుత్ తోడైతే ఎలక్ట్రోకీమోథెరపీ. కంతిలోకి మందు ఎక్కించి సెకనులో అతి చిన్న భాగం పాటు విద్యుత్ ఘాతాలిస్తే కణాల పొరల్లో రంధ్రాలు తెరుచుకుని మందు లోపలికి దూసుకెళ్తుంది. ఫ్రాన్స్‌లో గుర్రాలు, గాడిదలు కలిపి 48 జంతువుల మీద చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. నాలుగేళ్ళకు దాదాపు 98 శాతం జంతువుల్లో కంతులు తిరిగి రాలేదు. ఇంత మంచి అంకెకు ధర కూడా అంతే, ప్రతి విడతకూ గుర్రాన్ని పూర్తిగా మత్తులోకి పంపాలి. అయిదు క్వింటాళ్ళ జంతువును పడుకోబెట్టి, మళ్ళీ కాళ్ళు విరక్కుండా లేపడం చిన్న విషయం కాదు.

ఈ మందుల గురించి తక్కువగా మాట్లాడే విషయం ఒకటుంది. సిస్‌ప్లాటిన్ మనిషికీ విషమే. ఇంజెక్షన్ చేసిన రంధ్రం నుంచి నూనె చుక్క కారి వెంట్రుకల మీద నిలుస్తుంది. మర్నాడు దాన్ని గుడ్డతో తుడిచేది సైసు, అదీ తరచు వట్టి చేతుల్తో. చేతి తొడుగుల ఖర్చు చికిత్స ఖర్చులో భాగం కావాలి.

కంటి చుట్టూ ఉన్న కంతులకు అన్నిటికన్నా నమ్మదగిన వైద్యం రేడియేషన్. ఇరిడియం-192 తీగలను కంతిలోనే అమర్చి వదిలేస్తారు. గుర్రమే రేడియేషన్ వెదజల్లుతుంది కాబట్టి ఆ రోజుల్లో దాన్ని విడిగా ఉంచాలి. ఈ సదుపాయం ఉన్న చోట్లు ప్రపంచంలోనే కొన్ని.

ఇక పై పూతలు. రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే ఇమిక్విమాడ్ క్రీము పలచటి కంతుల మీద కొంత పనిచేస్తుంది, కానీ రాసిన చోట చర్మం కమిలి గుర్రం ముట్టుకోనివ్వదు. ఎసైక్లోవిర్ కథ వేరు. పెదవి పొక్కులకు, సర్పికి వాడే ఈ మందును సార్కాయిడ్‌లకు రాసి మంచి ఫలితం చూశామని 2011లో ఒక అధ్యయనం వచ్చింది. మందు చవక, మంట లేదు, అందరికీ నచ్చింది. 2017లో ఉత్తుత్తి క్రీముతో పోల్చి చూస్తే తేడా ఏమీ లేదని తేలింది. అసలు ఎసైక్లోవిర్ పనిచేయాలంటే హెర్పిస్ వైరస్‌లో ఉండే ఒక ఎంజైమ్ కావాలి, పాపిలోమా వైరస్‌లో అది లేదు. మరి 2011లో తగ్గినవి ఎలా తగ్గాయి?

ఏమీ చేయకపోవడం కూడా ఒక నిర్ణయమే

దానికి జవాబు స్విట్జర్లాండ్ నుంచి కొంత దొరుకుతుంది. అక్కడి ఫ్రాంష్-మోంటాన్య్ జాతి గుర్రాల్లో మూడేళ్ళ వయసులో సార్కాయిడ్ ఉన్నవాటిని గుర్తుంచుకుని, అయిదు నుంచి ఏడేళ్ళ తర్వాత మళ్ళీ వెతికి చూశారు. దాదాపు సగం గుర్రాల్లో కంతులు వాటంతటవే మాయమయ్యాయి. అవి ఎక్కువగా చదునైన, గరుకైన తేలిక రకాలు. ఏ పూత రాసినా, ఏ మంత్రం వేసినా ఆ సగానికి గుణం కనిపించేదే. చికిత్స గొప్పలు చెప్పేవారిని ‘పోల్చి చూశారా’ అని అడగడం అందుకే అవసరం.

కాబట్టి కుర్ర గుర్రం మీద, పట్టీ తగలని చోట, మారకుండా ఉన్న చిన్న చదును మచ్చను కదపకుండా వదిలేయడం సోమరితనం కాదు. వదిలేయడమంటే మరిచిపోవడం మాత్రం కాదు. నెలకోసారి, ఒకే వెలుతురులో, పక్కన ఒకే రూపాయి బిళ్ళ పట్టుకుని ఫోటో తీసి ఉంచాలి. రోజూ చూసే కంటికి పెరుగుదల తెలియదు. బిళ్ళకన్నా చిన్నదిగా ఉన్నది బిళ్ళను దాటితే ఫోటోలో దాచలేం. పెరగడం, పుండుపడటం, కొత్తవి లేవడం, ఈ మూడింట్లో ఏ ఒక్కటి కనిపించినా ఎదురుచూపు అక్కడితో ఆపాలి. నోటి మూలన కళ్ళెం తగిలేచోట, కడుపు పట్టీ కింద, కనురెప్ప మీద ఉన్నవాటికి మొదటినుంచే ఈ వెసులుబాటు లేదు.

అన్నిటికన్నా చెడ్డది సగం వైద్యం. రెండు విడతలు చేసి తగ్గిందనిపించి మానేయడం, గోటితో గిల్లడం, ఎవరో చెప్పారని ఘాటు మందు పూయడం. పులిపిరికి గుర్రపు తోక వెంట్రుక బిగించి కట్టడం మన పల్లెల్లో అందరూ ఎరిగిన చిట్కా. గుర్రానికే పులిపిరి లేస్తే ఏం కట్టాలన్న ప్రశ్నకు వైద్యుల దగ్గర జవాబుంది, సన్నని కాడ ఉన్న నాడ్యులర్ కంతులకు వాళ్ళు కూడా రబ్బరు రింగు వేస్తారు. కానీ కాడ లేని, అడుగున వేరు పరిచిన కంతికి ఏది కట్టినా పైది రాలి అడుగున ఉన్నది రెచ్చిపోతుంది. వాతలు పెట్టడం, సున్నం, ఆమ్లాలు పూయడం కూడా అంతే. పాశ్చాత్య దేశాల్లో బ్లడ్‌రూట్ మొక్క సారం, జింక్ క్లోరైడ్ కలిసిన లేపనాలు ఇదే పని చేస్తాయి. పై మాంసాన్ని కాల్చి రాలుస్తాయి, లోతెంతో వాటికి తెలియదు. మొదటి చికిత్సకు లొంగే అవకాశం ఎక్కువ, ఒకసారి విఫలమైన కంతి రెండోసారి ఇంకా మొండిగా ఉంటుంది. దొరికిన అవకాశాల్లో మేలైనదాన్ని ప్రయోగాలతో ఖర్చుచేసుకోవడమే సగం వైద్యం.

లాయంలో చేయగలిగినవి

వైరస్ ఒక గుర్రం నుంచి ఇంకోదానికి ఎలా చేరుతుందన్నది పూర్తిగా తేలలేదు. అనుమానం ఈగల మీద బలంగా ఉంది. సార్కాయిడ్ ఉన్న గుర్రాల దగ్గర పట్టిన ఈగల్లో బీపీవీ డీఎన్ఏ దొరికింది. కంతులు ఎక్కువగా లేచే చోట్లు చూసినా అదే తడుతుంది: కళ్ళ చుట్టూ, పెదవుల మూలలు, ముందుకాళ్ళ మధ్య రొమ్ము, గజ్జలు, పొట్ట అడుగు. చర్మం పలచన, చెమట ఎక్కువ, ఈగలు వాలేవి అక్కడే.

పెంటకుప్పను లాయానికి దూరంగా వేయడం, రోజూ ఎత్తేయడం, గాయం చిన్నదైనా మానేదాకా మూసి ఉంచడం అందుకే ముఖ్యం. కంతి ఉన్న గుర్రానికి వాడిన బ్రష్షు, జీను పట్టీ ఇంకోదానికి వాడకూడదు. కంతి ఉన్న గుర్రానికి అత్యవసరం కాని ఇతర శస్త్రచికిత్సలు ఈగలు తక్కువగా ఉండే చలికాలంలో పెట్టుకోవడం నయం. ఒక చోట సార్కాయిడ్ ఉన్న గుర్రానికి కాలి మీద మామూలు గాయమైనా, అది సార్కాయిడ్‌గా మారొచ్చని ముందే అనుకుని కనిపెట్టుకుని ఉండాలి.

బరాత్ గుర్రం, నల్లటి గుండ్లు

అన్ని చర్మపు కంతులూ సార్కాయిడ్‌లు కావు. పెళ్ళి ఊరేగింపుల్లో అందరూ కోరే తెల్ల గుర్రాల్లో చాలావి నిజానికి పుట్టుకతో తెల్లవి కావు. నల్లగానో గోధుమగానో పుట్టి ఏటేటా తెల్లబడే గ్రే గుర్రాలవి. వాటి తోక కింద, మలద్వారం చుట్టూ, దవడ వెనక నేరేడు పళ్ళలాంటి నల్లటి గుండ్లు లేస్తాయి. అవి మెలనోమాలు. వెంట్రుకలను తెల్లబరిచే జన్యుమార్పే వీటికీ కారణమని 2008లో తేలింది. ఎస్‌టీఎక్స్17 అనే జన్యువులో 4,600 డీఎన్ఏ అక్షరాల ఒక ముక్క రెండుసార్లు రాసి ఉంటుంది. పదిహేనేళ్ళు దాటిన గ్రే గుర్రాల్లో 70 నుంచి 80 శాతానికి ఈ గుండ్లు ఉంటాయి.

రెండింటి తేడా చికిత్సను తలకిందులు చేస్తుంది. సార్కాయిడ్ బయటి నుంచి వచ్చిన వైరస్ పని, చిన్న వయసులో మొదలవుతుంది, లోపలికి పాకదు. మెలనోమా పుట్టుకతో వచ్చిన జన్యువు పని, వయసుతో పెరుగుతుంది, ఏళ్ళు గడిస్తే లోపలి అవయవాలకూ చేరగలదు. సార్కాయిడ్‌ను కదిపితే రెచ్చిపోతుందన్న భయం మెలనోమా విషయంలో అంతగా లేదు. చిన్నగా ఉన్నప్పుడే తీసేస్తే తోక కింద దారి మూసుకుపోయే ఇబ్బంది తప్పుతుంది.

ఇక్కడి లెక్కలు

2019 పశుగణన ప్రకారం దేశంలో గుర్రాలు, పోనీలు కలిపి 3.4 లక్షలు. 2012తో పోలిస్తే 45 శాతానికి పైగా తగ్గాయి. గుర్రాల పరిశోధనకంటూ హర్యానాలోని హిస్సార్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉంది. మిగతాచోట్ల గుర్రాలు తగ్గినకొద్దీ గుర్రాన్ని చూసిన చేతులూ తగ్గుతాయి. హైదరాబాద్ మలక్‌పేట రేస్ కోర్సు గుర్రానికి దొరికే వైద్యం, ఊరేగింపుల గుర్రానికో ఇటుక బట్టీ కంచర గాడిదకో దొరకదు. జబ్బు మాత్రం ఒకటే. ఎలక్ట్రోకీమోథెరపీ గురించి ఎంత చెప్పుకున్నా, ఇక్కడ చాలామంది యజమానుల ముందున్న దారులు మూడే: జాగ్రత్తగా అంచు వదిలి కోయించడం, క్రయో, మనుషుల మందుల దుకాణంలో దొరికే మందులను పశువైద్యుడి పర్యవేక్షణలో వాడటం. ఈ మూడింటితోనూ మంచి ఫలితం సాధ్యమే, కంతి రూపాయి బిళ్ళంత ఉన్నప్పుడు.

టీకా మీద ఆశ ఉంది. మనుషుల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే టీకా కూడా పాపిలోమా వైరస్ ఖాళీ పెంకులతో చేసిందే. అదే పద్ధతిలో బీపీవీ-1 పెంకులతో చేసిన టీకా గుర్రాల్లో సురక్షితమని, ప్రయోగంలో ఎక్కించిన వైరస్ నుంచి కాపాడిందని ఆస్ట్రియా పరిశోధకులు చూపించారు. ఇలాంటి టీకా వైరస్ రాకముందు అడ్డుకుంటుంది కానీ, ఇప్పటికే కణాల్లో కూర్చున్నదాన్ని లేపి పంపలేదు.

కంతులున్న గుర్రం ధర పడిపోతుంది. బ్రిటన్‌లో ఒకసారి సార్కాయిడ్ నమోదైతే బీమా సంస్థలు ఆ జబ్బును పాలసీ నుంచి తీసేయడం మామూలు. మన సంతల్లో బీమా ప్రస్తావనే ఉండదు, కొనేవాడి కళ్ళే బీమా. క్రయో చేసిన చోట వెంట్రుకలు తెల్లగా మొలుస్తాయి. జీను రాపిడికి పుండుపడి మానిన చోట మొలిచేవీ తెల్లవే. మోచేతి వెనక, పట్టీ దారిలో అరచేయంత తెల్లమచ్చ కనిపిస్తే అది ఈ రెండింట్లో ఏదో పైకి చూసి చెప్పలేం. చేత్తో తడిమి, అంచుల్లో గట్టిగా గింజలా ఏమైనా తగులుతుందేమో చూడాలి. పాత ఫోటోలు అడగాలి.